అమెరికాలో బోటు కొంటున్నారా? ఏ రాష్ట్రంలో ఏ పన్ను, ఎంత, ఎప్పుడు

60,000 డాలర్ల బోటు ఒకటి అనుకోండి, 22 అడుగులది. నార్త్ కరోలినాలో లేక్ నార్మన్ ఒడ్డున కొంటే సేల్స్ ట్యాక్స్ 1,500 డాలర్లు. అరగంట దక్షిణానికి వెళ్లి సౌత్ కరోలినాలో కొంటే 500. డల్లాస్‌లో 3,750. డెలావేర్‌లో సున్నా. ఈ అంకెలు చూడగానే "అయితే డెలావేర్ వెళ్లి కొనుక్కొద్దాం" అనిపిస్తుంది. అక్కడే లెక్క తప్పుతుంది. పన్ను బోటు కొన్న ఊరిని పట్టి ఆగిపోదు, బోటు ఉండే నీళ్ల దాకా వెంటవస్తుంది. పైగా సేల్స్ ట్యాక్స్ తక్కువగా ఉన్న చోట చాలాసార్లు కౌంటీ వాళ్లు ఏటా ఆస్తి పన్ను వేస్తారు. కాబట్టి కొన్న రోజు బిల్లు ఒక్కటే చూడకండి. బోటు ఎన్నేళ్లు ఉంచుకుంటారో అన్నేళ్ల మొత్తం చూడండి.

మొత్తం మూడు రకాల ఖర్చు. ఒకటి, కొన్నప్పుడు ఒకేసారి కట్టే సేల్స్ ట్యాక్స్, లేదా యూజ్ ట్యాక్స్ (వేరే రాష్ట్రంలో కొన్నదాన్ని తెచ్చి వాడుకుంటే కట్టేది). రెండు, బోటు విలువ మీద ఏటా కట్టే పన్ను. ఇది కొన్ని రాష్ట్రాల్లోనే ఉంటుంది. మూడు, టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్ ఫీజులు. అందరూ మూడోదాని గురించే అడుగుతారు గానీ, మూడింటిలో చిన్నది అదే.

ఒకేసారి కట్టే పన్ను

ఫ్లోరిడాలో 6 శాతం. దాని మీద కౌంటీ సర్‌టాక్స్ (అదనపు పన్ను) ఉంటే అది ధరలో మొదటి 5,000 డాలర్లకే వర్తిస్తుంది, అంటే ఒక శాతం ఉన్న కౌంటీలో మరో 50 డాలర్లు. ఒక బోటు మీద రాష్ట్రం తీసుకునే పన్ను 18,000 డాలర్లకు మించదు. టెక్సస్‌లో 6.25 శాతం, గరిష్ఠం 18,750. అక్కడ స్థానిక పన్ను కలవదు. వినడానికి ఈ గరిష్ఠాలు బాగానే ఉంటాయి గానీ, రెండు చోట్లా అవి పనికొచ్చేది ధర 3,00,000 డాలర్లు దాటాకే. లేక్ లూయిస్‌విల్‌లో తిప్పుకునే పాంటూన్ బోటుకు వాటితో పనిలేదు.

మామూలు కొనుగోలుదారుకు నిజంగా పనికొచ్చే గరిష్ఠాలు మూడు రాష్ట్రాల్లో ఉన్నాయి. సౌత్ కరోలినాలో 5 శాతం, 500 డాలర్ల దగ్గర ఆగుతుంది. అంటే 10,000 డాలర్ల బోటుకూ, లక్ష డాలర్ల బోటుకూ ఒకటే పన్ను. నార్త్ కరోలినాలో 3 శాతం, 1,500 దగ్గర ఆగుతుంది. వర్జీనియాలో 2 శాతం, 2,000 దగ్గర ఆగుతుంది.

న్యూజెర్సీ బోట్లకు సగం రేటే వేస్తుంది: 6.625లో సగం, 3.3125 శాతం, గరిష్ఠం 20,000 డాలర్లు. మన 60,000 డాలర్ల బోటుకు 1,987.50 అవుతుంది. కనెక్టికట్‌లో 2018 జులై నుంచి 2.99 శాతం. న్యూయార్క్‌లో రాష్ట్రం 4 శాతం, దాని మీద కౌంటీ వాటా. అయితే ధరలో మొదటి 2,30,000 డాలర్లకే పన్ను, ఆ పైన లేదు. మేరీల్యాండ్ సేల్స్ ట్యాక్స్ బదులు 5 శాతం వెసెల్ ఎక్సైజ్ ట్యాక్స్ అంటుంది. రోడ్ ఐలాండ్ 1993లో బోట్ల మీద సేల్స్ ట్యాక్స్ తీసేసింది. డెలావేర్, ఒరెగాన్, మోంటానా, న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రాల్లో అసలు సేల్స్ ట్యాక్సే లేదు. కాలిఫోర్నియాలో కనీసం 7.25 శాతం, ఊరిని బట్టి ఇంకా ఎక్కువ. ఈ రేట్లు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి చెక్కు రాసే ముందు ఆ రాష్ట్రం సైట్‌లో ఒకసారి సరిచూసుకోండి.

పాత బోటు ఇచ్చి కొత్తది తీసుకునేవాళ్లకు ఒక మాట. ఫ్లోరిడా, టెక్సస్ లాంటి చోట్ల డీలర్ పాత బోటుకు కట్టిన ధర తీసేసి, తేడా మీదే పన్ను వేస్తారు. కాలిఫోర్నియాలో ఆ వెసులుబాటు లేదు, పూర్తి ధర మీద కట్టాల్సిందే. అక్కడ పాతది విడిగా అమ్ముకోవడమే మేలు.

ఏటా వచ్చే బిల్లు

ఫ్లోరిడా, న్యూయార్క్, మిషిగన్, మేరీల్యాండ్, కనెక్టికట్ రాష్ట్రాల్లో సొంత వాడకానికి ఉన్న బోటు మీద ఏటా విలువ పన్ను లేదు. టెక్సస్‌లోనూ మామూలుగా ఉండదు. కాలిఫోర్నియా, జార్జియా, రెండు కరోలినాలు, మిస్సోరీ, కెంటకీల్లో ఉంది. మసాచుసెట్స్‌లో వెయ్యి డాలర్ల విలువకు 10 డాలర్ల చొప్పున స్థానిక ఎక్సైజ్. వాషింగ్టన్ రాష్ట్రంలో 16 అడుగులూ ఆ పైన ఉన్న బోటుకు విలువలో అర శాతం, రిజిస్ట్రేషన్‌తో పాటే వసూలు చేస్తారు.

వర్జీనియాలో ఇది ఊరి ఇష్టం. వర్జీనియా బీచ్ నగరం సొంత బోట్లకు పెట్టిన రేటు వంద డాలర్లకు 0.000001 డాలరు. చట్ట ప్రకారం రేటు అంటూ ఒకటి ఉండాలి కదా, ఉంది! పక్క ఊళ్లో మాత్రం వేల డాలర్ల తేడా రావచ్చు. అందుకే ఆ రాష్ట్రంలో స్లిప్పు (ఒడ్డున బోటు కట్టి ఉంచుకునే చోటు) అద్దెకు తీసుకునే ముందు ఆ కౌంటీ రేటు అడగాలి.

ఇప్పుడు మొదట చెప్పిన లెక్కకు వద్దాం. నార్త్ కరోలినాలో 1,500, టెక్సస్‌లో 3,750. నార్త్ కరోలినా చవక అనిపిస్తుంది. కౌంటీ రేటు వందకు 90 సెంట్లు అనుకుందాం, బోటు విలువ ఏటా పది శాతం పడిపోతుందనుకుందాం. మొదటి జనవరికి విలువ 54,000, బిల్లు 486. తర్వాత 437, 394, 354, 319. అయిదేళ్లకు దాదాపు 1,990. మొదట కట్టిన 1,500 కలిపితే 3,490. ఆరో బిల్లు 287 డాలర్లతో మొత్తం 3,777 అయి టెక్సస్‌ను దాటేస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు రెండు చోట్లా ఏడాదికి సుమారు 30 డాలర్లే కాబట్టి అది లెక్కను మార్చదు. మూడేళ్లలో అమ్మేసేవాళ్లకు నార్త్ కరోలినా లాభం, పదేళ్లు ఉంచుకునేవాళ్లకు టెక్సస్ లాభం. కాలిఫోర్నియాలో రెండూ ఎక్కువే: మొదట 4,350కి తక్కువ కాకుండా, ఆపైన ఏటా విలువలో ఒక శాతానికి కాస్త పైన.

నార్త్ కరోలినాలో మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునే చోటు ఇది. అక్కడ కారు పన్ను ట్యాగ్ రెన్యువల్‌తో కలిసి వస్తుంది, మనం ఏమీ చెప్పనక్కర్లేదు. బోటు అలా కాదు. జనవరి 1న మీ పేరు మీద ఏముందో మీరే జనవరి నెలలోగా కౌంటీకి లిస్టింగ్ ఇవ్వాలి. బిల్లు రాలేదు కదా అని ఊరుకుంటే, కౌంటీ వాళ్లు రిజిస్ట్రేషన్ రికార్డులతో సరిచూసి పట్టుకుంటారు. అప్పుడు ఈ ఏటితో పాటు వెనక అయిదేళ్ల దాకా లెక్కగట్టి, తప్పిపోయిన ప్రతి ఏడాదికీ పది శాతం చొప్పున జరిమానా కలుపుతారు. పాత బాకీకి జరిమానా తోడైతే గోరుచుట్టు మీద రోకలిపోటే.

జార్జియాలో గడువు జనవరి 1 నుంచి ఏప్రిల్ 1. ఫారం పేరు పీటీ-50ఎం, దాన్ని ఇవ్వాల్సింది కౌంటీ అసెసర్లకు, అంటే ఆస్తి విలువ కట్టేవాళ్లకు. మొత్తం విలువ 20,000 డాలర్ల లోపుంటే పన్ను ఉండదు (2024 దాకా ఈ పరిమితి 7,500). ఇంకో సంగతి: ఏడాదిలో 184 రోజులు, ఆ పైన బోటు ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీకే పన్ను. కమింగ్‌లో ఇల్లున్నా, బోటు లేక్ లేనియర్ అవతలి ఒడ్డున వేరే కౌంటీ మెరీనాలో (బోట్లు నిలిపే రేవులో) ఉంటే రిటర్న్ అక్కడే వేయాలి. ఇంటి కౌంటీకి వేస్తే రెండు చోట్ల నుంచీ ఉత్తరాలు వస్తాయి.

కాలిఫోర్నియాలో జనవరి 1 అర్ధరాత్రికి ఎవరి పేరు మీద ఉంటే ఆ ఏడాది మొత్తం పన్ను వాళ్లదే. జనవరి 2న అమ్మినా తగ్గదు. డిసెంబర్ 28న బేరం కుదిరితే, సంతకాలు జనవరి 2కి జరపగలిగితే కొనేవాళ్లకు ఒక ఏడాది బిల్లు మిగులుతుంది. అమ్మేవాళ్లకు ఈ సంగతి తెలిసి ఉంటుంది కాబట్టి ధరలో దాన్ని కలిపి మాట్లాడుకోండి.

విలువ మీద వేసే ఈ ఏటి పన్నును ఫెడరల్ రిటర్న్‌లో షెడ్యూల్ ఏ (మినహాయింపులు విడివిడిగా చూపే ఫారం) నింపేవాళ్లు, సాల్ట్ పరిమితికి (రాష్ట్ర, స్థానిక పన్నుల మినహాయింపు మీదున్న హద్దుకు) లోబడి, చూపించుకోవచ్చు. పొడవును బట్టి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజును చూపించకూడదు. పడుకునే చోటు, టాయిలెట్, వంట చేసుకునే చోటు మూడూ ఉన్న బోటు మీద అప్పుంటే, దాన్ని రెండో ఇంటిగా పరిగణించి వడ్డీ మినహాయింపు అడగవచ్చు.

రాష్ట్రం దాటించినప్పుడు

ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో పన్ను లేకుండా బోటు కొని, నది దాటి వాషింగ్టన్ రాష్ట్రంలోకి తెచ్చుకుంటే, రిజిస్ట్రేషన్ కౌంటర్ దగ్గర వాళ్ల సేల్స్ ట్యాక్స్‌తో సమానమైన యూజ్ ట్యాక్స్ అడుగుతారు. రాష్ట్రం రేటు 6.5 శాతం, ఊరి వాటా అదనం. మోంటానాలోనో డెలావేర్‌లోనో ఎల్ఎల్‌సీ (చిన్న కంపెనీ) పెట్టి దాని పేరు మీద కొనమని చెప్పేవాళ్లు ఉంటారు. ఎల్ఎల్‌సీ అక్కడున్నా బోటు ఇక్కడి నీళ్లలో ఉంటే యూజ్ ట్యాక్స్ ఇక్కడిదే. కాలిఫోర్నియా కౌంటీ అసెసర్లు మెరీనాల నుంచి స్లిప్పుల జాబితా తెప్పించుకుంటారు. దాచడం మీరనుకున్నంత తేలిక కాదు.

ముందే ఎక్కడైనా కట్టి ఉంటే ఆ మేరకు క్రెడిట్ వస్తుంది. నార్త్ కరోలినాలో 1,500 కట్టి, రెండు నెలలకే బోటును ఫ్లోరిడాకు మార్చారనుకోండి. ఫ్లోరిడా లెక్క 3,600. అందులోంచి 1,500 పోగా 2,100 కట్టాలి. ఆరు నెలలో, అంతకంటే ఎక్కువో బయటి రాష్ట్రంలో నిజంగా వాడి తెస్తే ఫ్లోరిడా సాధారణంగా అడగదు. దానికి రుజువు కావాలి: మెరీనా రసీదులు, పెట్రోలు బిల్లులు, రిపేరు బిల్లులు. కాలిఫోర్నియా 12 నెలల వాడకాన్ని చూస్తుంది. కొత్తగా టెక్సస్‌కు మారి వచ్చినవాళ్లకు, ముందే తమ పేరు మీద ఉన్న బోటుకు 15 డాలర్లు, మోటారుకు 15 డాలర్లు కడితే సరిపోతుంది.

క్రెడిట్ కావాలంటే పన్ను కట్టినట్టు బిల్లులో విడి వరుసగా కనిపించాలి. "పన్నులతో కలిపి" అని ఒకే అంకె రాసిచ్చిన బిల్లు ఏ కౌంటర్‌లోనూ చెల్లదు.

షార్లెట్‌లో ఇల్లు, లేక్ వైలీ సౌత్ కరోలినా వైపు స్లిప్పు ఉన్నవాళ్లు రోజులు లెక్కపెట్టుకోవాలి. సౌత్ కరోలినాలో వరసగా 60 రోజులు, లేదా ఏడాదిలో మొత్తం 90 రోజులు బోటు ఉంటే ఆస్తి పన్ను పరిధిలోకి వస్తుంది. కొన్ని కౌంటీలు తీర్మానం చేసుకుని దాన్ని 180 రోజులకు పెంచాయి. మీ స్లిప్పు ఉన్న కౌంటీ ఏ లెక్కలో ఉందో అడిగి తెలుసుకోండి. రిజిస్ట్రేషన్‌కూ ఇదే సూత్రం: మీ డ్రైవింగ్ లైసెన్స్ ఉన్న రాష్ట్రం కాదు, బోటు ఎక్కువగా తిరిగే రాష్ట్రం. బయటి నంబరుతో 60 రోజుల దాకా ఉండవచ్చు. ఫ్లోరిడాలో 90 రోజులు.

కాగితాలు

బోటు చూడ్డానికి వెళ్లినప్పుడే హల్ ఐడెంటిఫికేషన్ నంబర్ (హల్ అంటే బోటు అసలు శరీరం) ఫోటో తీసుకోండి. అది వెనక భాగంలో కుడివైపు పైమూలన ఉంటుంది, 12 అక్షరాలు. 1972 నవంబర్ నుంచి తయారైన బోట్లన్నిటికీ ఉండాలి. మొదటి మూడు తయారీదారు గుర్తు, తర్వాతి అయిదు వరుస సంఖ్య, చివరి రెండు మోడల్ సంవత్సరం. వరుస సంఖ్యలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. కాబట్టి అక్కడ గుండ్రంగా కనిపించేది సున్నాయే. టైటిల్ మీద దాన్ని ఓ అని కొట్టి ఉంటే దరఖాస్తు తిరిగొస్తుంది. ఆ తప్పు అమ్మేవాళ్ల చేతే, వాళ్ల రాష్ట్రంలో, డబ్బు ఇవ్వకముందే దిద్దించుకోవాలి.

బిల్ ఆఫ్ సేల్‌లో హల్, మోటారు, ట్రైలర్ ధరలు వేర్వేరుగా రాయించండి. టెక్సస్‌లో అవుట్‌బోర్డ్ మోటారుకు విడిగా టైటిల్ ఉంటుంది. బోటు టైటిల్ 27 డాలర్లు, మోటారు టైటిల్ మరో 27. మోటారు టైటిల్ లేకుండా బోటు కొంటే తర్వాత అమ్మడం గగనమే. ట్రైలర్ చాలా చోట్ల వేరే బండి కింద లెక్క. నార్త్ కరోలినాలో దాని మీద 3 శాతం హైవే యూజ్ ట్యాక్స్ డీఎంవీ (వాహనాల రిజిస్ట్రేషన్ ఆఫీసు) దగ్గర కట్టాలి. మూడూ కలిపి ఒకే ధర రాస్తే ఏ ఆఫీసు ఏ భాగం మీద పన్ను వేయాలో తేలక ఫైలు ఆగుతుంది.

జార్జియా, డెలావేర్ బోట్లకు టైటిల్ ఇవ్వవు. అక్కడి నుంచి కొంటే అమ్మేవాళ్ల పేరు మీదున్న రిజిస్ట్రేషన్ కార్డు, బిల్ ఆఫ్ సేల్, అప్పు తీరినట్టు బ్యాంకు ఉత్తరం తీసుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి అన్నది రాష్ట్రానికో తీరు. ఫ్లోరిడాలో కౌంటీ ట్యాక్స్ కలెక్టర్ ఆఫీసు, 30 రోజుల్లో. టెక్సస్‌లో పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ లేదా కౌంటీ ట్యాక్స్ ఆఫీసు, పన్ను కట్టడానికి 45 పని దినాలు. నార్త్ కరోలినాలో వైల్డ్‌లైఫ్ రిసోర్సెస్ కమిషన్, కాలిఫోర్నియా, న్యూయార్క్‌లలో డీఎంవీ, మిషిగన్‌లో సెక్రటరీ ఆఫ్ స్టేట్, ఒరెగాన్‌లో మెరైన్ బోర్డు.

ఫీజులు ఎక్కువగా పొడవును బట్టి. మన 22 అడుగుల బోటుకు ఫ్లోరిడాలో ఏడాదికి 28.75, టెక్సస్‌లో రెండేళ్లకు 53, న్యూయార్క్‌లో మూడేళ్లకు 57.50, మిషిగన్‌లో మూడేళ్లకు 115, డెలావేర్‌లో ఏడాదికి 20. మోంటానాలో 19 అడుగులు దాటితే ఒకేసారి 295.50 కడితే శాశ్వతం. కాలిఫోర్నియాలో మీరు ఎప్పుడు కొన్నా రిజిస్ట్రేషన్ బేసి సంవత్సరం డిసెంబర్ 31తోనే ముగుస్తుంది.

పొడవు దగ్గర జాగ్రత్త. కేటలాగులో రాసే పొడవులో ఈత మెట్టు, మోటారు బ్రాకెట్ కూడా కలుస్తాయి. చట్టం లెక్కలో ముందు కొస నుంచి హల్ వెనక కొస దాకా సరళరేఖే, బ్రాకెట్లు రావు. కేటలాగులో 26 అడుగుల 3 అంగుళాలు ఉన్నది కొలిస్తే 25 అడుగుల పైచిలుకే కావచ్చు. ఫ్లోరిడాలో ఆ గీతకు అటూ ఇటూ ఫీజు 28.75, 78.25. అది ప్రతి ఏడాదీ ఉండే తేడా.

మోటారు లేని కయాక్‌కు చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, ఒహాయోలో మాత్రం కావాలి. దానికి చిన్న బ్యాటరీ ట్రోలింగ్ మోటారు తగిలించిన మరుక్షణం అది మోటారు బోటే.

నంబర్ అంటించడం

రిజిస్ట్రేషన్ నంబర్ బోటు ముందు సగంలో రెండు వైపులా, ఎడమ నుంచి కుడికి చదివేలా ఉండాలి. అక్షరాలు మూడు అంగుళాల ఎత్తుకు తగ్గకుండా, సాదా బ్లాక్ అక్షరాలు, హల్ రంగుకు ఎదురు రంగు. మొదటి రెండు అక్షరాలు, నాలుగు అంకెలు, చివరి రెండు అక్షరాల మధ్య ఒక అక్షరమంత ఖాళీ లేదా హైఫన్ వదలాలి. కలిపి అంటించడమే అందరూ చేసే తప్పు, నీళ్ల మీద ఆపి జరిమానా రాసేదీ దానికే. రాష్ట్రాల గుర్తులు కూడా తపాలా గుర్తుల్లా ఉండవు: కాలిఫోర్నియాకు సీఎఫ్, మిషిగన్‌కు ఎంసీ, వాషింగ్టన్‌కు డబ్ల్యూఎన్. మిసిసిపీకి ఎంఐ.

అంటించే ముందు హల్‌ను డిటర్జెంట్‌తో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి మైనం పొర పూర్తిగా తీసేయాలి. మైనం మీద అంటిస్తే మొదటి వేసవికే అంచులు లేస్తాయి. పెయింటర్ టేపుతో వాటర్‌లైన్‌కు సమాంతరంగా గీత పెట్టుకుని, మధ్య నుంచి అంచులకు రుద్దండి. గడువు స్టిక్కర్ నంబర్‌కు ఆరు అంగుళాల లోపు ఉండాలి. ముందా వెనకా, ఒక వైపా రెండు వైపులా అన్నది రాష్ట్రం చెబుతుంది: ఫ్లోరిడాలో ఎడమవైపు ఒక్కటే, టెక్సస్‌లో రెండు వైపులా.

కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్

5 నెట్ టన్నులు (బరువు కాదు, బోటు లోపలి చోటు కొలత), ఆ పైన ఉన్న బోటుకు రాష్ట్రం నంబరు బదులు ఫెడరల్ డాక్యుమెంటేషన్, అంటే కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు, తీసుకోవచ్చు. అది అమెరికా పౌరులకే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకూ, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ కుదరదు, వాళ్లు రాష్ట్రం రిజిస్ట్రేషన్‌తోనే సరిపెట్టుకోవాలి. దంపతుల్లో ఒకరు పౌరులై, ఇంకొకరు కాకపోతే ఇద్దరి పేర్లూ కలిపి రాయించే ముందు ఈ సంగతి ఆలోచించుకోండి. డాక్యుమెంటేషన్ ఉంటే పన్ను తప్పుతుందన్నది అపోహ. ఫ్లోరిడా, మేరీల్యాండ్ లాంటివి దాని మీద కూడా తమ స్టిక్కర్ అడుగుతాయి, సేల్స్ ట్యాక్స్ ఎలాగూ అడుగుతాయి. బోటుతో ఉండే చిన్న డింగీకి మోటారు ఉంటే దానికి విడిగా రాష్ట్రం నంబరు తీసుకోవాలి.

ఏటా రెన్యువల్ ఫీజు 26 డాలర్లు. ప్రభుత్వ ఆఫీసు ఉత్తరంలా ముద్రించి, దానికి అనేక రెట్లు అడుగుతూ ప్రైవేటు సంస్థల కాగితాలు ఇంటికి వస్తాయి. అసలు ఆఫీసు వెస్ట్ వర్జీనియాలోని ఫాలింగ్ వాటర్స్‌లో ఉన్న నేషనల్ వెసెల్ డాక్యుమెంటేషన్ సెంటర్ ఒక్కటే.

బోటు అమ్మినప్పుడు బిల్ ఆఫ్ సేల్ నకలు తీసుకుని, రాష్ట్రానికి అమ్మినట్టు తెలిపి, కౌంటీ జాబితాలోంచి పేరు విడిగా తీయించుకోండి. ఈ రెండు ఆఫీసులూ ఒకదానికొకటి చెప్పుకుంటాయనుకుని వదిలేస్తే, వచ్చే జనవరికీ బిల్లు మీ పేరు మీదే వస్తుంది.